సంతకం ఢిల్లీలో, పొగ మన ఊళ్ళో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీ అడుగున "కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ గురించి ఏమన్నా అడగాలనుంటే రాయండి" అని ఒక చిన్న లైన్ వేశాం. ఈ టాపిక్ మీద ఎవరు రాస్తార్లే, నాలుగు ఉత్తరాలొస్తే గొప్ప అనుకున్నా, తీరా చూస్తే ఇన్‌బాక్స్ నిండిపోయింది. పరీక్షలకి చదివే పిల్లలు అడిగినవి కొన్ని, మిగతా చాలావాటిల్లో ప్రశ్న ఒక్కటే, "మాకు ఫలానా ఇబ్బంది ఉంది, ఎవరికి చెప్పుకోవాలి" అని. అన్నీ వెయ్యలేను కాబట్టి ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశా, కొన్నిటికి పెద్ద జవాబులు, కొన్నిటికి రెండు ముక్కలు, ఏమనుకోకండి.

ప్రశ్న: మా ఊరి దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీ, సున్నపురాయి గని వస్తాయట. ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన పడింది. ఊళ్ళో అందరం వెళ్ళి చేతులెత్తి వద్దంటే ఆగిపోతుందా? అసలు వెళ్ళడం దండగంటున్నారు కొంతమంది. (పల్నాడు జిల్లా రైతు)

ముందు ఒక భ్రమ తీసేస్తా, ఏమీ అనుకోకండి. అది ఓటింగ్ కాదు. వంద మంది వద్దని పది మంది కావాలంటే వంద గెలుస్తుంది అనేది అక్కడ లేదు. కోరం కూడా లేదు, అంటే మీరెవరూ వెళ్ళకపోయినా కుర్చీలు ఖాళీగా ఉన్నాయని మీటింగ్ ఆపరు, జరిగినట్టే రాసుకుంటారు. అందుకే బహిష్కరించి ఇంట్లో కూర్చోవడం అంత తెలివైన పని కాదని నా అభిప్రాయం, కోపం ఎంతున్నా సరే.

మరి ఎందుకెళ్ళాలి అంటే, రికార్డు కోసం. 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఈ మీటింగ్ పెట్టేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, అధ్యక్షత వహించేది కలెక్టర్ లేదా ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి. మొత్తం వీడియో తియ్యాలి. మీటింగ్ అయిపోయాక, ఎవరేం అడిగారు కంపెనీ వాళ్ళేం చెప్పారు అనే సారాంశాన్ని అక్కడికక్కడే జనానికి చదివి వినిపించాలి, తెలుగులో వివరించాలి, ఆ తర్వాతే సంతకం. చాలాచోట్ల ఆ టైముకి భోజనాలకో బస్సుకో లేచి వెళ్ళిపోతారు మనవాళ్ళు, అసలు కూర్చోవాల్సింది అప్పుడే. మీరు అడిగిన బోరు నీళ్ళ సంగతి అందులో లేకపోతే అక్కడే లేచి అడగొచ్చు. ఆ సారాంశం, వీడియో రెండూ ఢిల్లీలో నిపుణుల కమిటీ ముందుకెళ్తాయి, మీరు ఎత్తిన ప్రతి ముఖ్యమైన అభ్యంతరానికీ కంపెనీ ఫైనల్ రిపోర్టులో జవాబు రాయాలి. రేపు కేసు పడితే పర్యావరణ కేసులు వినే హరిత ట్రిబ్యునల్ జడ్జి చూసేది కూడా ఇవే కాగితాలు. "వద్దు వద్దు" అని అరిచింది ఒక లైనుగా మిగుల్తుంది, అదే "మా ఊరి చెరువు మీ మ్యాప్‌లో లేదు, ఎందుకు లేదు" అని అడిగితే అది వాళ్ళకి గొంతులో ముల్లులా ఉండిపోద్ది.

ప్రకటనకీ మీటింగ్‌కీ మధ్య కనీసం 30 రోజులుండాలి. ఆ లోపు డ్రాఫ్ట్ ఈఐఏ రిపోర్టు, దాని తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఉంచాలి. వెళ్ళి చూడండి. ఆ రిపోర్టు రాసేది కంపెనీ డబ్బులిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటే అన్న సంగతి గుర్తు పెట్టుకుని చదవండి, మా ఊరి అల్లుడి గుణగణాలు ఆయన పిన్నిని అడిగినట్టు ఉంటుంది వ్యవహారం. మీరు చెప్పాలనుకున్నది కాగితం మీద రాసి ఇవ్వండి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మైకు దొరకని వాళ్ళకి ఇదే మైకు.

అన్నట్టు ఈ 30 రోజుల్ని 20 చెయ్యాలని 2020లో ఒక డ్రాఫ్ట్ తెచ్చారు, లాక్‌డౌన్ రోజుల్లో. హిందీ, ఇంగ్లీష్‌లో మాత్రమే వేస్తే ఢిల్లీ హైకోర్టు ఇదేం పద్ధతి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న భాషలన్నిట్లోకీ అనువదించండి అంది, కేంద్రం దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. లక్షల్లో అభ్యంతరాలు వచ్చి పడ్డాయి, ఆ డ్రాఫ్ట్ ఫైనల్ కాలేదు. తెలుగులో అడిగే హక్కు కోసం ఢిల్లీలో అంత గొడవ జరిగిందని మన పేపర్లలో పెద్దగా రాలేదు.

ఇంకొక్క మాట. మీది కాదుగానీ, ఏజెన్సీ ప్రాంతంలో అడవి భూమి పోయే ప్రాజెక్టు అయితే లెక్క వేరు, అక్కడ అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ మాటకి నిజంగానే బలం ఉంది. మనకి ఆనుకునే ఉన్న ఒడిశాలో నియమగిరి కొండల బాక్సైట్ విషయంలో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంటే, పన్నెండు గ్రామసభలకి పన్నెండూ వద్దన్నాయి, మరుసటి ఏడాది మొదట్లో ఈ మంత్రిత్వ శాఖే అనుమతి నిరాకరించింది. ప్రజాభిప్రాయ సేకరణకి అంత పవర్ లేదు.

ప్రశ్న: పర్యావరణ శాఖ అంటే పర్యావరణాన్ని కాపాడాలి కదా. మరి ఫ్యాక్టరీలకి, గనులకి పర్మిషన్ ఇచ్చేది కూడా వాళ్ళే ఏంటి? కంచే చేను మేసినట్టు లేదా? (శ్రీకాకుళం నుంచి ఒక టీచర్)

టీచర్ గారూ, ఈ పేజీకి వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇది. న్యాయంగా చెప్పాలంటే అనుమతి ఇచ్చే అధికారం ఉన్నోడికే ఆపే అధికారం కూడా ఉంటుంది, గేటు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఆ గేటు దగ్గర కూర్చున్న మనిషిని "ఎన్ని వెనక్కి పంపావు" అని ఎవరూ అడగరు, "ఎంత తొందరగా లోపలికి పంపావు" అనే అడుగుతారు. 2018లో పరివేష్ అనే ఆన్‌లైన్ పోర్టల్ పెట్టినప్పటి నుంచీ గొప్పగా చెప్పుకునేదంతా అనుమతులకి పట్టే రోజులు తగ్గాయి అనే. ఫైళ్ళు దుమ్ము పట్టకుండా కదలడం మంచిదే, ఎవరు కాదన్నారు, కానీ ఇది రైలు రిజర్వేషన్ కాదు కదా.

మీ జిల్లా సంగతే తీసుకోండి, సోంపేట. అక్కడి బీల (చిత్తడి నేల) అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు, ఏడాది పొడుగునా నీళ్ళు, చేపలు, ఎత్తిపోతలు, పశువుల మేత. అక్కడ కట్టాలనుకున్న థర్మల్ ప్లాంటు కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. 2009లో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చేసింది. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి రైతులు చనిపోయారు, సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని కొట్టేసింది. అంటే ఢిల్లీ కాగితం తప్పని ఢిల్లీలోనే తేలింది, కానీ ఇక్కడ ప్రాణాలు పోయిన రోజున తేలింది. అక్కడికి ఒక్కసారి నిపుణుల్ని పంపి మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి ఉంటే సరిపోయేది అని నాకు ఎప్పుడూ అనిపిస్తది.

విశాఖ సంగతి దానికి ఇంకో వైపు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది, పన్నెండు మంది పోయారు. తర్వాత బయటపడిన సంగతేంటంటే ఆ ప్లాంటుకి చెల్లుబాటయ్యే కేంద్ర పర్యావరణ అనుమతే లేదు, ఆ మాట ప్రమాదానికి ముందు ఏడాదే కంపెనీ తన అఫిడవిట్‌లో తనే ఒప్పుకుంది. సోంపేటలో ఇవ్వకూడని అనుమతి ఇచ్చారు, ఇక్కడ అనుమతి లేకుండానే ఫ్యాక్టరీ నడుస్తుంటే ఎవరూ పట్టించుకోలేదు. మరి ముందు కట్టేసి తర్వాత పర్మిషన్ తెచ్చుకోవచ్చా అనే దాని మీద సుప్రీంకోర్టు 2025 మే నెలలో కుదరదంది, అదే ఏడాది నవంబర్‌లో ఇంకో బెంచి ఇద్దరు ఒకవైపు ఒకరు ఒకవైపుగా ఆ తీర్పుని వెనక్కి తీసుకుంది. కోర్టే రెండు మాటలు చెప్తే మనమేం అంటాం.

ప్రశ్న: ఈ శాఖ ఎప్పుడు పుట్టింది, పేరు ఎన్నిసార్లు మారింది? గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. (నంద్యాల)

1972 స్టాక్‌హోమ్ సదస్సు దగ్గర మొదలుపెట్టు తల్లీ. ఇందిరా గాంధీ స్వయంగా వెళ్ళి మాట్లాడారు, ఆ ఏడాదే సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం కింద ఒక జాతీయ కమిటీ వేశారు. వన్యప్రాణి చట్టం కూడా 1972దే. 1974లో నీటి కాలుష్య చట్టం, దానితోపాటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ, పర్యావరణాన్ని కాపాడాలనే 48ఎ, 51ఎ(జి) అధికరణలు వచ్చింది అప్పుడే, అడవులు రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకి మారింది కూడా అప్పుడే, ఇది ప్రతి పరీక్షలో అడుగుతారు. తివారీ కమిటీ చెప్పిన మీదట 1980 నవంబర్‌లో పర్యావరణ విభాగం, 1985లో రాజీవ్ గాంధీ టైములో అడవుల్ని కలిపి పూర్తి మంత్రిత్వ శాఖ, 2014లో చివర "వాతావరణ మార్పులు" అనే తోక తగిలించారు. 1984 డిసెంబర్‌లో భోపాల్ జరగబట్టే 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది, ఈ శాఖ చేతిలో ఉన్న అసలు కర్ర అదే, నోటిఫికేషన్లన్నీ దాని కిందే ఇస్తారు.

ఆఫీసు ఢిల్లీ జోర్‌బాగ్‌లో ఇందిరా పర్యావరణ్ భవన్, 2014లో ప్రారంభించారు, పైకప్పు నిండా సోలార్ పలకలు, ఏడాదికి వాడేంత కరెంటు అక్కడే తయారవ్వాలని కట్టారు. ఇంకో సంగతి, జైరాం రమేశ్ ఈ శాఖ చూసినప్పుడు (2009-11) ఆయన రాజ్యసభకి వచ్చింది ఆంధ్రప్రదేశ్ నుంచే. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ మీద ఊరూరా సభలు పెట్టి, అందులో హైదరాబాద్ కూడా ఉంది, 2010 ఫిబ్రవరిలో ఆపేశారు. ఒక మంత్రి కూర్చుని గంటల తరబడి తిట్లు తినడం చాలా అరుదు, అందుకని గుర్తుండిపోయింది.

ప్రశ్న: ఐ.ఎఫ్.ఎస్. అంటే ఫారిన్ సర్వీసా, ఫారెస్ట్ సర్వీసా? (కరీంనగర్)

రెండూ. పర్యావరణ శాఖ కిందికొచ్చేది ఫారెస్ట్, 1966లో మొదలైంది, ఐఏఎస్ ఐపీఎస్‌లతో పాటు అఖిల భారత సర్వీసుల్లో మూడోది. ట్రైనింగ్ డెహ్రాడూన్‌లో.

ప్రశ్న: వాతావరణ మార్పుల శాఖ అని పేరు పెట్టుకుని బొగ్గు ప్లాంట్లు ఎందుకు మూయించట్లేదు సర్? 2070 నెట్ జీరో అంటే మా మనవళ్ళు కూడా ముసలోళ్ళయిపోతారు. (హైదరాబాద్, రిటైర్డ్ ఇంజినీర్)

పేరు ఆ శాఖది, తాళాలు వేరే వాళ్ళ దగ్గర ఉన్నాయి, అదీ సంగతి. బొగ్గుకి బొగ్గు శాఖ ఉంది, కరెంటుకి విద్యుత్ శాఖ, సోలార్‌కి ఇంకో శాఖ, వాహనాలకి రోడ్డు రవాణా, ఎరువులకి ఇంకోటి. 2008లో వాతావరణ మార్పుల మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక అని ఎనిమిది మిషన్లు పెట్టారు చూడండి, సోలార్, నీళ్ళు, వ్యవసాయం, ఇంధన పొదుపు లాంటివి ఎవరి శాఖ వాళ్ళు నడుపుతారు, పర్యావరణ శాఖ చేతిలో ఉన్నది గ్రీన్ ఇండియా మిషన్, అంటే మొక్కలు. ఇంట్లో అందరి ఖర్చులూ రాసే బాధ్యత చిన్న కోడలికి ఇచ్చి బీరువా తాళం మాత్రం ఇవ్వనట్టు.

డబ్బుల సంగతి కూడా ఇంకో పాఠకుడు అడిగారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. 2025-26 బడ్జెట్‌లో ఈ శాఖకి ఇచ్చింది సుమారు 3,400 కోట్లు. వినడానికి చాలానే, కానీ మొత్తం బడ్జెట్ 50 లక్షల కోట్ల పైన. వంద రూపాయల్లో ఏడు పైసలు అనుకోండి.

అంతర్జాతీయ సదస్సులకి వెళ్ళి దేశం తరఫున బేరాలాడేది మాత్రం వీళ్ళే. 2021 నవంబర్‌లో గ్లాస్గోలో ప్రధాని 2070 కల్లా నెట్ జీరో, అంటే వదిలిన కర్బనం అంతా తిరిగి పీల్చుకునే స్థాయి, అని ప్రకటించారు, 2022 ఆగస్టులో లిఖితపూర్వకంగా ఇచ్చిన మాటలు రెండు ముఖ్యం: 2030 నాటికి జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే కర్బన ఉద్గారాలు 2005తో పోలిస్తే 45 శాతం తగ్గించడం, విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో 50 శాతం బొగ్గు, గ్యాస్, డీజిల్ కాని వాటి నుంచి ఉండటం. ఈ రెండోది 2025లోనే, అయిదేళ్ళ ముందే చేరుకున్నాం అని ప్రకటించారు, అది నిజమే. కానీ మీరు ఇంజినీరు కాబట్టి మీకు వెంటనే తట్టే ఉంటుంది, సామర్థ్యం వేరు ఉత్పత్తి వేరు. వంటింట్లో ఎన్ని గిన్నెలున్నాయి అనేది ఒక లెక్క, ఏ గిన్నెలో ఎంత వండారు అనేది ఇంకో లెక్క. రాత్రి పూట సోలార్ గిన్నె బోర్లించి ఉంటుంది, మనం వాడే కరెంటులో 70 శాతం పైనే ఇంకా బొగ్గు పొయ్యి మీద ఉడికిందే. మొదటిది కూడా అంతే, ఉద్గారాలు తగ్గుతాయని కాదు, జీడీపీ పెరిగినంత వేగంగా పెరగవు అని. మనం తలసరి లెక్కలో పెద్ద దేశాల కంటే చాలా తక్కువ పొగ వదుల్తాం అనే వాదన న్యాయమైనదే, నేను కాదనను, కాకపోతే టీవీ చర్చల్లో ఈ రెండు అంకెల్నీ కలిపేసి సగం కరెంటు గ్రీన్ అయిపోయింది అంటుంటే ఒళ్ళు మండుతుంది.

ప్రశ్న: మా మక్క చేను, పల్లి చేను మొత్తం అడవి పందులు ఆగం చేస్తున్నయ్ సార్. కొడితే కేసు అంటరు. ఢిల్లీ వాళ్ళు పర్మిషన్ ఇయ్యాల్నంటరు. నిజమేనా? (నాగర్‌కర్నూల్ జిల్లా)

సగం నిజం అన్నా. అడవి పంది వన్యప్రాణి చట్టంలో రెండో షెడ్యూల్లో ఉంది కాబట్టి మీ అంతట మీరు చంపితే కేసే. కానీ పర్మిషన్‌కి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. సెక్షన్ 11 కింద, మనుషుల ప్రాణానికో ఆస్తికో ప్రమాదం అయితే, ఆస్తి అంటే నిలిచి ఉన్న పంట కూడా అని చట్టంలోనే రాసుంది, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా వేటకి అనుమతి ఇవ్వొచ్చు. ఢిల్లీ పాత్ర సెక్షన్ 62లో వస్తుంది, ఒక ప్రాంతంలో ఇన్నాళ్ళు ఈ జంతువుని హానికర జంతువుగా ప్రకటిస్తున్నాం అని, అప్పుడు చంపినా నేరం కాదు. 2015-16లో బీహార్‌లో మనుబోతుల్ని, అడవి పందుల్ని, ఉత్తరాఖండ్‌లో పందుల్ని, హిమాచల్‌లో కోతుల్ని అలా ప్రకటించారు. అప్పుడు అదే కేబినెట్‌లో ఉన్న మేనకా గాంధీ సొంత ప్రభుత్వ పర్యావరణ మంత్రి జావడేకర్ మీద బహిరంగంగా విరుచుకుపడ్డారు, ఆయనేమో రాష్ట్రాలు అడిగితేనే ఇచ్చాం అన్నారు. కేరళ చాలాసార్లు అడిగినా కేంద్రం ఒప్పుకోలేదు, సెక్షన్ 11 ఉంది కదా వాడుకోండి అంది, దాంతో 2022లో కేరళ ఆ అధికారాన్ని పంచాయతీలకి ఇచ్చుకుంది.

కాబట్టి మీరు పోవాల్సింది ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి. పంట పోయిన రోజే ఫొటోలు తీసి అర్జీ పెట్టండి, పరిహారం కూడా అక్కడే. ఒక్కటి మాత్రం వద్దు, చేనుకి కరెంటు తీగ కట్టకండి. పంది కోసం పెట్టిన తీగకి పక్క చేను రైతు పోయిన వార్త ప్రతి సీజన్‌లో చదువుతూనే ఉన్నాం.

ప్రశ్న: ప్రతి రెండేళ్ళకీ దేశంలో అడవి పెరిగింది అంటారు. నా కళ్ళకి మాత్రం తగ్గుతూనే కనిపిస్తోంది. నాకు చత్వారమా, వాళ్ళకా? (రాజమండ్రి)

నవ్వాపుకోలేకపోయానండీ ఇది చదివి. ఎవరికీ లేదు, తేడా నిర్వచనంలో ఉంది. ఈ శాఖ కిందే డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది, వాళ్ళు ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్కేస్తారు. ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు అంతకు మించి ఉన్న నేలలో పదోవంతు మీద చెట్ల నీడ ఉంటే అది "అటవీ విస్తీర్ణం", ఆ భూమి ఎవరిదైనా సరే, అందులో ఏ చెట్టున్నా సరే. మీ జిల్లాలో కొబ్బరి తోట, నూజివీడు మామిడి తోట, జామాయిల్ తోట అన్నీ అందులో పడొచ్చు. 2024 డిసెంబర్‌లో వచ్చిన రిపోర్టు ప్రకారం అడవి, చెట్లు కలిపి దేశంలో 25.17 శాతం, అందులో అటవీ విస్తీర్ణం 21.76. పేపర్లో హెడ్డింగ్ మొదటి అంకె ఇస్తుంది. ఈసారి నుంచి "చాలా దట్టమైన అడవి" అనే గడి విడిగా చూడండి, 70 శాతం పైన నీడ ఉన్నది, మీరు మనసులో అనుకునే అడవి అదే. అడవి నరికి వేరే చోట మొక్కలు నాటే పద్ధతిలో కూడా ఉపగ్రహానికి లెక్క సరిపోతుంది, ఎలుగుబంటికే సరిపోదు.

ప్రశ్న: మా వీధిలో రాత్రి ఒంటిగంట దాకా డీజే. పర్యావరణ శాఖకి ట్వీట్ చేశా, రిప్లై లేదు. (విజయవాడ)

రాదు. రూలు మాత్రం వాళ్ళదే, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 రాత్రి 45 డెసిబెల్స్. పండగలకి రాష్ట్రం సడలింపు ఇవ్వొచ్చు, అది కూడా ఏడాదికి 15 రోజులు మించకుండా, రాత్రి 12 దాకానే. అంటే ఒంటిగంట డీజేకి దేవుడొచ్చినా పర్మిషన్ ఇవ్వలేడు. చర్య తీసుకోవాల్సింది పోలీసులు. 112కి చెయ్యండి, ఎన్నింటికి చేశారో రాసుకోండి.

ప్రశ్న: ప్లాస్టిక్ కవర్లు బ్యాన్ అన్నారు, కూరగాయల బండి దగ్గర ఇంకా ఇస్తూనే ఉన్నారు. (అనంతపురం)

2022 జూలై 1 నుంచి బ్యానైంది అన్ని కవర్లూ కాదు, స్ట్రాలు, స్పూన్లు, గ్లాసులు, ప్లేట్లు, పుల్ల ఐస్‌క్రీమ్ ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణ థర్మకోల్ లాంటివి, స్వీట్ బాక్స్ మీద, పెళ్ళి శుభలేఖ మీద చుట్టే పల్చని రేకు కూడా ఉంది ఆ లిస్టులో, దాన్ని ఎవరూ పట్టించుకోరు. క్యారీ బ్యాగులకి మందం రూలు, 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలి. మీ బండి దగ్గరిచ్చే కవరు అందులో సగం కూడా ఉండదు. పట్టుకోవాల్సింది మునిసిపాలిటీ, కానీ వాళ్ళు బండి వాడికి ఫైన్ వేసి ఫొటో దిగుతారు, ఆ కవరు తయారైన ఫ్యాక్టరీ దగ్గరికి పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) వెళ్ళదు. నా గొడవంతా అదే.

ప్రశ్న: మా కాలనీకి కిలోమీటరు దూరంలో ఒక కెమికల్ యూనిట్ ఉంది. రాత్రి పదకొండు దాటాక వాసన మొదలవుతుంది, కళ్ళు మంటలు, పాపకి దగ్గు. కంప్లయింట్ ఇస్తే అధికారులు పొద్దున పదింటికి వచ్చి ఏమీ లేదు కదమ్మా అని వెళ్ళిపోయారు. ఢిల్లీకి రాయమంటారా? (సంగారెడ్డి జిల్లా గృహిణి)

ఢిల్లీకి రాస్తే ఆ ఉత్తరం తిరిగి తిరిగి అదే పొద్దున పదింటి ఆఫీసరు గారి టేబుల్ మీదికే వస్తుందమ్మా, కాబట్టి అది చివర్లో చేద్దాం.

ముందు ఆ యూనిట్‌కి ఏ కాగితాలున్నాయో తెలుసుకోవాలి. ప్రతి యూనిట్‌కీ పీసీబీ ఇచ్చే సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అని రెండు ఉంటాయి, కట్టుకోవడానికి ఒకటి, నడపడానికి ఒకటి, ఏ సరుకు ఎంత తయారు చెయ్యాలో ఎంత వదలొచ్చో అందులో రాసుంటుంది. సమాచార హక్కు కింద కాపీ అడగండి. పెద్ద యూనిట్ అయ్యి కేంద్రం పర్యావరణ అనుమతి కూడా ఉంటే ఇంకో దారి ఉంది, వాళ్ళు ఏటా జూన్ 1, డిసెంబర్ 1కి షరతులు ఎంతవరకు పాటిస్తున్నామో అర్ధసంవత్సర రిపోర్టు ఇవ్వాలి, అది ఎవరైనా చూడదగ్గ పత్రమే. మంత్రిత్వ శాఖకి హైదరాబాద్‌లోనే ప్రాంతీయ కార్యాలయం ఉంది, ఆ షరతుల తనిఖీ వాళ్ళ పని. ఆ రిపోర్టుల్లో అంతా "పాటిస్తున్నాం, పాటిస్తున్నాం" అనే ఉంటుంది, సరిగ్గా అందుకే పనికొస్తుంది, మీ దగ్గరున్న ఆధారం పక్కన పెడితే అబద్ధం కనపడాలి.

ఆ ఆధారం మీరే తయారు చెయ్యాలి. ఒక నోటుబుక్ పెట్టండి, తేదీ, ఎన్నింటికి మొదలైంది, ఎప్పుడు తగ్గింది, గాలి ఎటు నుంచి, వాసన ఎలా ఉంది, ఎవరికి ఏ ఇబ్బంది అని. పాపని చూపించిన డాక్టర్ చీటీలు అందులోనే అంటించండి. పది ఇళ్ళ వాళ్ళు విడివిడిగా రాస్తే ఇంకా మంచిది. నెల రోజుల పుస్తకం పెట్టి పీసీబీకి రాతపూర్వకంగా "రాత్రి 11 నుంచి 3 మధ్య తనిఖీ చెయ్యండి" అని అడగండి, టైము రాసి అడిగితే పదింటికి రావడానికి వాళ్ళకీ కొంచెం మొహమాటం.

ఇంకో సంగతి తెలిసుండాలి, 1986 చట్టం కింద ఇదివరకు అయిదేళ్ళ దాకా జైలు ఉండేది, జన్ విశ్వాస్ చట్టం అని 2023లో తెచ్చి 2024 ఏప్రిల్ 1 నుంచి చాలావరకు జైలు తీసేసి జరిమానా చేశారు, పదివేల నుంచి 15 లక్షల దాకా. జైలు ఉన్నప్పుడు ఎంతమందిని వేశారులే, జరిమానా అయితే కనీసం వసూలవుతుంది అనే వాదన ఉంది. కెమికల్ ఫ్యాక్టరీ వాడికి 15 లక్షలు ఒక లెక్కా అనేది నా వాదన.

పీసీబీ కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్, రెండు తెలుగు రాష్ట్రాలకీ చెన్నై బెంచ్. సమస్య మొదలైన ఆరు నెలల్లోపు వెయ్యాలి, గట్టి కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు, అందుకే ఆలస్యం చెయ్యొద్దంటున్నా. నష్టపరిహారం అడగకుండా పొగ ఆపించండి అని మాత్రమే అడిగితే ఫీజు వెయ్యి రూపాయలు. లాయర్‌ని పెట్టుకోవచ్చు, మీరే వాదించుకోవచ్చు. చెన్నై రైలెక్కాల్సిన పని కూడా చాలాసార్లు ఉండదు, వీడియోలో వింటున్నారు. ఆ నోటుబుక్ మాత్రం ఈ రాత్రే మొదలెట్టండి.